మారుతి 800 కార్బొరేటర్: వేడెక్కాక స్లో స్పీడులో ఆగిపోతోంది, మైలేజీ పడిపోయింది

గుంటూరు_800:
అందరికీ నమస్కారం. బండి 1997 మోడల్ మారుతి 800, 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్, చోక్ చేత్తో లాగేది. ఆర్‌సీ ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ అయింది, బండి ఉంచుకోవాలనే ఉంది.

పొద్దున చోక్ లాగి సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటుంది. నాలుగైదు కిలోమీటర్లు నడిచి వేడెక్కాక, సిగ్నల్ దగ్గర రేసు వదిలితే వణికి ఆగిపోతుంది. రోడ్డు మీద పోతున్నప్పుడు మిస్సింగ్ లేదు. ఎండలో ఆపి పావుగంట తర్వాత మళ్లీ స్టార్ట్ చేయబోతే చాలాసేపు సెల్ఫ్ తిప్పాలి, పెట్రోల్ వాసన కొడుతుంది. ఊళ్లో లీటరుకు 15 ఇచ్చేది ఇప్పుడు 11 ఇస్తోంది. ప్లగ్గులు, పెట్రోల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ కొత్తవి. మెకానిక్ స్లో స్పీడు స్క్రూ (రేసు వదిలాక ఇంజిన్ వేగం పెంచేది) బాగా లోపలికి తిప్పి పంపాడు. ఆగడం కొంచెం తగ్గింది కానీ ఇంజిన్ గోల పెరిగింది. ఇక పెట్రోల్, గాలి కలిపి ఇంజిన్‌కి పంపే కార్బొరేటర్ మార్చేయమంటున్నాడు. రిపేరు కిట్ (నీడిల్, ప్యాకింగ్‌ల లాంటి కొత్త ముక్కలు) వేయించి సర్వీసు చేయిస్తే సరిపోతుందా, కొత్తది కొనాలా?

పాయింట్_గేజ్:
ఇవన్నీ ఒకే జబ్బు లక్షణాలు కావండి, రెండు మూడు కలిసి ఉన్నాయి. స్లో స్పీడులో ఆగిపోవడం ఎక్కువగా పెట్రోల్ చాలక వచ్చేది. వేడి మీద స్టార్ట్ కాకపోవడం, వాసన, మైలేజీ పోవడం పెట్రోల్ ఎక్కువై వచ్చేవి. ఏది ఎక్కడుందో తేల్చకుండా కార్బొరేటర్ విప్పితే విప్పినవాడికి కూడా ఏం బాగుచేశాడో తెలియదు.

ముందు కరెంటు వైపు చూడండి. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది) పాయింట్ల గ్యాప్ 0.4 నుంచి 0.5 మి.మీ., ప్లగ్ గ్యాప్ 0.7 నుంచి 0.8 మి.మీ. పాయింట్ల ముఖం గుంటపడి ఉంటే ఆకురాయితో రుద్ది సరిపెట్టకండి, పాయింట్లు, కండెన్సర్ జతగా మార్చండి. గ్యాప్ మారితే టైమింగ్ కూడా కదులుతుంది కాబట్టి తర్వాత టైమింగ్ లైటు పెట్టి చూడాలి. ఇది అయ్యాకే కార్బొరేటర్ జోలికి వెళ్లాలి.

తర్వాత ఎయిర్ క్లీనర్ తీసి, డాష్‌బోర్డు మీద చోక్ నాబ్ పూర్తిగా లోపలికి నెట్టి, కార్బొరేటర్ నోట్లోకి చూడండి. చోక్ పలక నిలువుగా నిలబడాలి. కేబుల్ బిగుసుకుపోయినా, బిగించిన చోట జరిగినా పలక కాస్త వాలి ఉండిపోతుంది. నాబ్ లోపలే ఉంది కదా అని ఎవరూ అనుమానించరు, మైలేజీ మాత్రం దిగిపోతుంది. వాలి ఉంటే కేబుల్ క్లాంపు వదులు చేసి సరిచేయండి. ఆ తర్వాత స్లో స్పీడు ఇంకా పాడైతే కంగారు పడొద్దు. అంతవరకు వాలిన చోక్ ఆ లోపాన్ని కప్పిపెట్టింది, అంతే.

ఇప్పుడు వేడి ఇంజిన్ మీద చోక్ కొద్దికొద్దిగా లాగండి. లాగగానే ఇంజిన్ నిలదొక్కుకుంటే మిశ్రమంలో పెట్రోల్ తక్కువన్నమాట: స్లో జెట్ (స్లో స్పీడులో పెట్రోల్ పోయే సన్న రంధ్రమున్న ముక్క) మూసుకుపోయి ఉండాలి, లేదా గాలి ఎక్కడో దొంగదారిన పోతూ ఉండాలి. లాగగానే ఇంకా ఉక్కిరిబిక్కిరై నల్లపొగ వస్తే పెట్రోల్ ఎక్కువ.

పెట్రోల్ కట్ సోలెనాయిడ్ (కరెంటుతో పెట్రోల్ దారి తెరిచే వాల్వ్) కూడా చూడండి. కార్బొరేటర్ పక్కన ఒకే వైరుతో ఉంటుంది. కీ ఆన్ చేసి వైరు పీకి పెడుతుంటే టిక్ మనాలి. చప్పుడు లేకపోతే ముందు వైరులో 12 వోల్టులు వస్తున్నాయో లేదో టెస్ట్ లాంపుతో చూడండి. సోలెనాయిడ్ పనిచేయకపోతే స్లో సర్క్యూట్‌కి పెట్రోలే రాదు. రేసు మీద బాగా నడిచి, వదలగానే ఆగుతుంది.

మెకానిక్ స్క్రూ తిప్పడం వల్ల ఒక చిక్కు ఉంది. థ్రాటిల్ పలక (రేసు తొక్కితే తెరుచుకునేది) మరీ తెరుచుకుంటే దాని అంచు స్లో రంధ్రం పైనున్న చిన్న ప్రోగ్రెషన్ రంధ్రాలను దాటిపోతుంది. ఇంజిన్ వాటి నుంచి పెట్రోల్ లాక్కుంటుంది, స్లో స్పీడులో పెట్రోల్ పాళ్లు మార్చే మిశ్రమం స్క్రూ ఎంత తిప్పినా తేడా రాదు.

ఫ్లోట్_లెవెల్:
వేడి మీద స్టార్ట్ కాని సంగతి నేను చెప్తాను. ఇది నీడిల్ వాల్వ్ (కార్బొరేటర్ గిన్నెలోకి వచ్చే పెట్రోల్‌ని ఆపే సూది) లోపమా, వేడి వల్లా అన్నది పొద్దున్నే తేలిపోతుంది. చల్లటి ఇంజిన్ ఒక నిమిషం నడిపి ఆపి, నోట్లోకి టార్చి కొట్టి చూడండి. ఇంజిన్ ఆగాక కూడా వెంచురీలో (కార్బొరేటర్ సన్నటి గొంతులో) చుక్క పడుతుంటే నీడిల్ మూసుకోవడం లేదు, లేదా పెట్రోల్ మీద తేలుతూ దాన్ని మూసే ఫ్లోట్‌లోకి పెట్రోల్ ఎక్కి బరువైంది. చల్లగా ఉన్నప్పుడు పొడిగా ఉండి, వేడి మీద ఆపిన ఐదు నిమిషాలకే చుక్కలు పడితే గిన్నెలో పెట్రోల్ మరిగి పొంగుతోంది. అలాంటప్పుడు కార్బొరేటర్‌కీ మానిఫోల్డుకీ (ఇంజిన్‌లోకి పోయే గొట్టానికీ) మధ్య మందంగా ఉండే ఇన్సులేటర్ ప్యాకింగ్ చూడండి. దాని బదులు ఎవరో పలుచటి కాగితం ప్యాకింగ్ వేసిన బండ్లు కనిపిస్తూనే ఉంటాయి. ఎయిర్ క్లీనర్ మూతికి వేసవి, చలికాలం మార్చే లివర్ ఉంటే అది వేసవి వైపు ఉండాలి. మన ఎండలకు ఏడాదంతా అక్కడే ఉంచినా ఇబ్బంది లేదు.

రిటర్న్ పైపు చాలామంది మర్చిపోతారు. మెకానికల్ పంపు ఎక్కువగా తోడిన పెట్రోల్ తిరిగి ట్యాంకుకు పోయేది దాని గుండానే. అది మూసుకుపోతే ఆ ఒత్తిడంతా నీడిల్ మీద పడుతుంది. పైపు ఊడదీసి, ట్యాంకు మూత తెరిచి, సైకిలు పంపుతో మెల్లగా గాలి కొట్టండి. ధారాళంగా పోవాలి. నోటితో ఊదొద్దు.

ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ వాసన చూడడం మరవకండి. పెట్రోల్ వాసన వచ్చి, మట్టం పైకి వచ్చి ఉంటే కార్బొరేటర్ నుంచి గానీ, చిరిగిన పంపు డయాఫ్రం నుంచి గానీ పెట్రోల్ సంపులో (ఇంజిన్ ఆయిల్ ఉండే చోట) కలుస్తోంది. కారణం సరిచేసి ఆయిల్ మార్చేవరకు ఆ బండి దూరం తీసుకెళ్లకూడదు, బేరింగులు పోతాయి.

ఈలోగా వేడి మీద స్టార్ట్ చేయాలంటే చోక్ ముట్టుకోకుండా, రేసు పెడల్ నెమ్మదిగా చివరిదాకా తొక్కి అలాగే ఉంచి, ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. పెడల్ పంపు కొట్టినట్టు తొక్కితే ప్రతిసారీ యాక్సిలరేటర్ పంపు ఇంకొంచెం పెట్రోల్ చిమ్ముతుంది.

గుంటూరు_800:
చాలా థ్యాంక్స్ అండి. పాయింట్లు, కండెన్సర్ మార్చి టైమింగ్ పెట్టించాను. చోక్ పలక నిజంగానే వాలి ఉంది, సరిచేశాం. మీరన్నట్టే స్లో స్పీడు ఇంకా పాడైంది, చోక్ కొద్దిగా లాగితే నిలుస్తోంది. సోలెనాయిడ్ టిక్ మంటోంది. చల్లగా ఉన్నప్పుడు కూడా ఆపాక రెండు మూడు చుక్కలు పడుతున్నాయి. రిటర్న్ పైపు బాగానే ఉంది, ఆయిల్‌లో వాసన లేదు. ఇప్పుడు విప్పించాలా?

జెట్_నంబర్:
విప్పించండి. స్లో జెట్ మూసుకుంది, నీడిల్ కారుతోంది. రెండూ కిట్‌తో, శుభ్రతతో పోయేవే. బజారులో దొరికే పేరులేని కొత్త కార్బొరేటర్ల కంటే మికుని-యూకాల్ పాత బాడీ ఎన్నో రెట్లు నయం, దాన్ని ఎక్స్చేంజికి ఇవ్వకండి. బాడీ పనికిరాదని చెప్పాల్సింది ఒకే సందర్భంలో: థ్రాటిల్ ఇరుసు పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే స్పష్టంగా కదిలితే. ఆ సందులోంచి గాలి పోతుంది, ఏ కిట్టూ దాన్ని ఆపదు. కొత్త బుష్‌లు వేయించాలి, లేదా మంచి పాత బాడీ వెతకాలి. విజయవాడ ఆటోనగర్‌లో అడగండి.

పని ఇంజిన్ పూర్తిగా చల్లారాక, బయట గాలి ఆడే చోట. బ్యాటరీ నెగటివ్ తీయండి, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. ప్రతి గొట్టాన్నీ ఫోటో తీసి, రెండు చివర్లకీ ఒకే నంబరు టేపు అంటించండి. డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ గొట్టం తప్పు చోట పెడితే తర్వాత వచ్చే జబ్బుకి కారణం దొరకదు. కార్బొరేటర్ తీయగానే మానిఫోల్డు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి, అందులో ఒక వాషర్ పడితే హెడ్ విప్పాల్సి రావచ్చు.

పై మూత తీశాక ఫ్లోట్ పిన్ను మెల్లగా నెట్టి ఫ్లోట్, నీడిల్ బయటికి తీయండి. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోల్ కదులుతున్న చప్పుడు రాకూడదు. నీడిల్ కొసను వెలుతురులో తిప్పి చూడండి: సీటు తగిలే చోట చుట్టూ ఒక గీత కనిపించి, గోరుకు తగిలితే దాని పని అయిపోయింది. నీడిల్, సీటు రెండూ కలిపే మార్చాలి. పాత సీటులో కొత్త నీడిల్ వారం తిరక్కుండానే కారుతుంది.

జెట్‌లు ఇత్తడివి, మెత్తన. గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్‌తోనే తీయండి. ప్రైమరీ, సెకండరీ మెయిన్ జెట్‌లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, మీదున్న నంబర్లు వేరు. ఏది ఎక్కడిదో రాసుకోండి. స్లో జెట్ రంధ్రం వెంట్రుకంత. పాత పెట్రోల్ అందులో ఎండిన తుమ్మజిగురులా గట్టిపడుతుంది. తీగ, సూది పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై జెట్ పనికిరాదు. కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి, గాలి కొట్టి, వెలుతురుకు ఎత్తి చూస్తే గుండ్రంగా మెరిసే చుక్క కనిపించాలి. బాడీలో ప్రతి దారికీ ఒకవైపు క్లీనర్ కొట్టి ఇంకోవైపు నుంచి రావడం కళ్లారా చూడండి. కళ్లద్దాలు తప్పనిసరి, ఎదురు చిమ్మితే కళ్లలోకే వస్తుంది. డయాఫ్రంలు, రబ్బరు ముక్కలు, సోలెనాయిడ్ మాత్రం క్లీనర్‌లో వేయకూడదు.

మిశ్రమం స్క్రూ తీసేముందు లోపలికి మెల్లగా తిప్పుతూ, తగిలేదాకా ఎన్ని చుట్లో లెక్కపెట్టండి. గట్టిగా బిగిస్తే దాని కొస చెడుతుంది. తిరిగి పెట్టేటప్పుడు అదే లెక్క. లెక్క పోతే రెండు చుట్లు బయటికి పెట్టి మొదలుపెట్టండి.

బాడీ అడుగున స్టీలు స్కేలు నిలువుగా ఆనించి సందు చూడండి. ఒకవైపు నట్టునే ముందుగా బిగించిన కార్బొరేటర్ల అడుగు వంగి ఉంటుంది, అక్కడే గాలి పోతుంది. కొత్త ప్యాకింగ్‌కి షెల్లాక్, సిలికాన్ పూయకండి. సిలికాన్ పెట్రోల్‌లో మెత్తబడి, ఆ ముక్కలే జెట్‌లో చేరతాయి. నట్లు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి.

మూత పెట్టేముందు దాన్ని తలకిందులు చేసి, ఫ్లోట్ బరువు నీడిల్ మీద ఉండగా పెట్రోల్ వచ్చే మూతిలోకి చిన్న రబ్బరు గొట్టంతో మెల్లగా గాలి పంపండి. అస్సలు పోకూడదు. ఫ్లోట్ ఎత్తగానే పోవాలి. గిన్నెకి గాజు ఉన్న కార్బొరేటర్ అయితే, బిగించి నడిపాక గాజు మీది గుర్తుకి సరిగ్గా పెట్రోల్ మట్టం రావాలి. రాకపోతే ఫ్లోట్ నాలుకను రవ్వంత వంచాలి, ఫ్లోట్‌ని కాదు.

పీయూసీ_ట్యూనింగ్:
పైవి అయ్యాక సెట్టింగ్ ఇలా. బండి కనీసం పది నిమిషాలు నడిచి వేడెక్కాలి, చోక్ పూర్తిగా లోపల, లైట్లు, ఏసీ ఉంటే అదీ ఆఫ్. స్లో స్పీడు స్క్రూతో 900 ఆర్‌పీఎం దగ్గర ఉంచండి. మిశ్రమం స్క్రూ పావు చుట్టు చొప్పున లోపలికి తిప్పితే ఒకచోట ఇంజిన్ తడబడుతుంది. అక్కడి నుంచి బయటికి తిప్పుతూ అత్యధిక వేగం వచ్చే చోట ఆపి, స్లో స్పీడు మళ్లీ 900కి దించండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే స్థిరపడుతుంది. తిప్పినా తేడా రాకపోతే స్లో సర్క్యూట్ ఇంకా మూసుకునే ఉంది, లేదా పాయింట్_గేజ్ గారు చెప్పినట్టు థ్రాటిల్ ఎక్కువ తెరుచుకుంది.

చివరి మాట చెవికి వదిలేయకుండా పీయూసీ (పొల్యూషన్ చెక్) సెంటర్‌లో సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, రీడింగ్ చూస్తూ తిప్పించండి. మీ బండి కాలపు పెట్రోల్ కార్లకు స్లో స్పీడులో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) పరిమితి 3 శాతం, హెచ్‌సీ (మండని పెట్రోల్, అంటే హైడ్రోకార్బన్లు) 1500 పీపీఎం. సీఓ ఒకటిన్నర, రెండు శాతం మధ్య ఉంచితే స్లో స్పీడు నిలుస్తుంది, సర్టిఫికెట్టూ వస్తుంది. సీఓ తక్కువ ఉండి హెచ్‌సీ మాత్రం ఎక్కువ చూపిస్తే ఏదో సిలిండర్ మిస్ అవుతోంది. ప్లగ్, వైరు, ప్యాకింగ్ దగ్గర గాలి లీకు చూడండి, పెట్రోల్ పెంచి కప్పిపుచ్చొద్దు.

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. మామూలు పెట్రోల్ పూర్తిగా మండడానికి ఒక కిలోకి 14.7 కిలోల గాలి కావాలి, ఈ ఇథనాల్ పెట్రోల్‌కి (ఈ20) దాదాపు 13.5 చాలు. జెట్ సైజు మారదు కాబట్టి పాత కార్బొరేటర్‌లో మిశ్రమం ఆ మేరకు పలచబడుతుంది. స్లో స్పీడులో పాత సెట్టింగ్ సరిపోకపోవడానికి ఇదీ ఒక కారణం. పావు నుంచి అర చుట్టు వరకు మిశ్రమం స్క్రూ బయటికి రావాల్సి ఉంటుంది. పొద్దున చోక్ మామూలు కంటే కాస్త ఎక్కువసేపు ఉంచాల్సి వచ్చినా భయపడొద్దు. మెయిన్ జెట్ మాత్రం ప్లగ్ రంగు చూడకుండా పెంచకండి. హైవే మీద నడిపి, ఇంజిన్ అక్కడికక్కడే ఆపి ప్లగ్గు తీస్తే లేత ఇటుక రంగు ఉంటే జెట్ సరిగ్గానే ఉంది. తెల్లగా మాడినట్టుంటేనే ఒక నంబరు పైది చూడాలి. ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి మైలేజీలో ఆరేడు శాతం ఎటూ పోతుంది, దానికి కార్బొరేటర్‌ని నిందించలేం.

1997 నాటి రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కి ఉబ్బి, లోపలి పొర నలుసులుగా రాలుతుంది. ఫిల్టర్ దాటాక ఉన్న గొట్టం నలుసులు నేరుగా నీడిల్ సీటులోకే పోతాయి. కిట్ వేసిన రోజే పంపు నుంచి కార్బొరేటర్ దాకా, రిటర్న్‌తో సహా గొట్టాలన్నీ మార్చండి. పాత ముక్క కోసి తీసుకెళ్లి అదే లోపలి సైజు అడగండి. మీద ఎస్ఏఈ జే30 ఆర్9 (పెట్రోల్ గొట్టాల ప్రమాణం) అని అచ్చు ఉండాలి. క్లిప్పులు కూడా కొత్తవే వేయండి. స్టార్ట్ చేసి పది నిమిషాలు నడిపాక ప్రతి అతుకునూ తెల్ల కాగితం ముక్కతో తుడిచి చూడండి. కాగితం తడిస్తే ఆపి, ఆ క్లిప్పు మళ్లీ వేశాకే ఎయిర్ క్లీనర్ బిగించండి.