బడికి వెళ్లలేని రెండు నెలలు: ఇంట్లో ఫోన్ చదువు గాడి తప్పకుండా ఎలా చూసుకోవాలి?

తిరుచానూరు అమ్మ:
అందరికీ నమస్కారం. ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఇరవై రోజుల క్రితం మేడ మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. డాక్టరు గారు కట్టు వేసి, రెండు నెలల వరకు బడి మాట ఎత్తవద్దన్నారు. లెక్కలు, ఇంగ్లీషు పీరియడ్లలో టీచరు గారు ఫోన్‌ను బల్ల మీద నిలబెట్టి వీడియో కాల్‌లో పాఠం చూపిస్తున్నారు, మిగతావి వాట్సాప్‌లో ఫొటోలు తీసి పంపుతున్నారు. నేను పక్క గదిలో కుట్టుమిషను దగ్గర ఉంటాను కాబట్టి, టీచరు గొంతు వినిపిస్తున్నంతసేపూ చదువు సాగుతోందనే అనుకున్నాను. శనివారం నోట్సు తెరిచి చూస్తే ప్రతి పేజీలోనూ తేదీ, స్కేలుతో శ్రద్ధగా గీసిన మార్జిను, పాఠం పేరు ఉన్నాయి, వాటి కింద ఒక్క లెక్క కూడా లేదు. కోపంలో నాలుగు మాటలన్నాను. ఆ రాత్రి ఇద్దరమూ సరిగా అన్నం తినలేదు. నేను పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివాను, దాని చదువేమో ఇంగ్లీషు మీడియం. కరోనా రోజుల్లో మా పిల్ల ఇంకా బడిలో చేరలేదు కనుక ఆ అనుభవం మాకు లేదు. అప్పుడు మీరు ఎలా నెట్టుకొచ్చారో దయచేసి చెప్పండి.

పాలవ్యాను నాన్న, చిత్తూరు:
అక్కా, 2020లో మా వాడిది నాలుగో తరగతి. ఇంట్లో ఒకే ఫోన్, అది నాతో పాటు పాల రూటుకు వచ్చేది. పొద్దున జరిగే తరగతి వాడికి ఎలాగూ దొరకదని, రాత్రి ఏడు గంటలకు నేను ఇల్లు చేరాక ఇద్దరం కూర్చుని టీచరు పంపిన వీడియో చూసేవాళ్లం. ఆ జూన్‌లో దూరదర్శన్ సప్తగిరిలో విద్యావారధి పాఠాలు మొదలైనప్పుడు మాత్రం వాళ్లమ్మ పని ఆపుకొని వాడి పక్కనే కూర్చునేది. వీడియోను నిమిషానికొకసారి ఆపి, ఇప్పుడు ఏం చెప్పారని అడగడం నాకు అలవాటైంది. ఆపకుండా చూసిన రోజు వాడికి ఏమీ గుర్తుండేది కాదు. మేం కష్టపడి ఫీజు కట్టిన బడి తరఫున ఆ ఏడాది ఒక్కరు కూడా ఫోన్ చేసి పిల్లవాడు ఎలా ఉన్నాడని అడగలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. మీ టీచరు గారు అంత శ్రద్ధ తీసుకుంటున్నారంటే మీ అమ్మాయి అదృష్టవంతురాలు.

పలమనేరు టీచరమ్మ:
అమ్మా, ఆ రోజుల్లో నేను ఫోన్‌లో పాఠాలు చెప్పిన మనిషిని. తెర మీద చిన్న చిన్న గళ్లలో పిల్లల ముఖాలు కనిపించేవే తప్ప ఎవరి నోట్సులో ఏముందో మాకు తెలిసేది కాదు. అందువల్ల మీ అమ్మాయి మోసం చేసిందని దయచేసి అనుకోవద్దు. తరగతి గదిలో పక్క పిల్ల రాస్తుంటే చూసి తానూ రాస్తుంది, ఇంట్లో ఆ పక్క పిల్ల లేదు.

ఇంగ్లీషు గురించి మీరు భయపడనవసరం లేదు. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలలో లెక్కలు, సైన్స్, సాంఘిక శాస్త్రం ఒక పేజీలో ఇంగ్లీషులో, ఎదురు పేజీలో తెలుగులో ఉంటాయి. మీరు తెలుగు పేజీ చదువుకోండి, అమ్మాయి ఇంగ్లీషు పేజీ చదివి మీకు తెలుగులో చెప్పనివ్వండి. తప్పు చెబితే వెంటనే దిద్దకండి, ఎదురు పేజీలో తానే వెతుక్కుంటుంది. పాఠం దగ్గరున్న క్యూఆర్ కోడ్‌ను ప్రభుత్వ చదువుల యాప్ అయిన దీక్షాతో స్కాన్ చేస్తే వీడియోలు కూడా వస్తాయి.

ఫోన్ ముందు కూర్చునే సమయం మాత్రం పెంచకండి. 2020 జూలైలో ఆన్‌లైన్ చదువుల మీద కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాలలో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు రెండు ఆన్‌లైన్ పీరియడ్లే, ఒక్కొక్కటి 30 నుంచి 45 నిమిషాలే అని ఉంది. మీకు దొరుకుతున్న రెండు పీరియడ్లు సరిగ్గా చాలు.

రేణిగుంట అక్క:
టీచరమ్మ గారు చెప్పిన పద్ధతి మా పెద్దదానికి బాగా పనిచేసింది, చిన్నవాడికి మాత్రం అసలు పనిచేయలేదు. నాకు చెప్పాలంటే పరీక్ష పెట్టినట్టు బిగుసుకుపోయేవాడు. చివరికి వాళ్ల అవ్వ దారి చూపింది. ఆమెకు చదువు రాదు. నీళ్లు ఆవిరై మేఘాలవుతాయని వాడు చెబుతుంటే, ‘ఎండాకాలంలో మన కల్యాణి డ్యామ్ నీళ్లు తగ్గేది అందుకేనా నాయనా?’ అని నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు కోసం వాడు పుస్తకం రెండుసార్లు తిరగేశాడు. అడిగే మనిషికి నిజంగా తెలియకపోతేనే పిల్లలకు చెప్పాలనిపిస్తుందని నాకు అప్పుడు అర్థమైంది.

ఇంకొకటి, తరగతి అయిపోయాక పది నిమిషాలు స్నేహితురాళ్లతో మాట్లాడనివ్వండి. రెండు నెలలు ఒంటరిగా ఉండే పిల్లకు అది కూడా చదువంత అవసరం.

తిరుచానూరు అమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. పది రోజులుగా దాని మంచాన్ని కుట్టుమిషను గదిలోకే మార్చి, నేను జాకెట్లు కుడుతుంటే పాఠం చెప్పమంటున్నాను. ముందుగా దాన్ని అలా తిట్టినందుకు బాధపడ్డానని చెప్పాను. మొదటి రెండు రోజులు ముక్తసరిగా చెప్పింది. నిన్న భిన్నాల పాఠం వచ్చినప్పుడు, ముప్పావు మీటరు గుడ్డ కత్తిరించడానికి నేను టేపు ఎక్కడ పట్టుకుంటానని అడిగింది. 75 దగ్గర అన్నాను. ‘ఎందుకు 75?’ అంది. ఇరవై ఏళ్లుగా కత్తిరిస్తున్నా నేనెప్పుడూ ఆలోచించలేదని చెబితే, టేపు నా చేతిలోంచి లాక్కొని మంచం మీద పరిచి, మీటరును నాలుగు మడతలు వేసి 25, 50, 75 దగ్గర సుద్దముక్కతో గీతలు పెట్టి చూపించింది. ఆ తర్వాత నేను చెప్పకుండానే నోట్సు తెరిచి, మార్జిను పక్కన ఆ టేపు బొమ్మ వేసి, కింద మూడు లెక్కలు చేసింది. ఒకటి తప్పింది, దాన్ని ఈ రోజు టీచరు గారినే అడుగుతానంటోంది.