పెద్దగా పెరిగే అక్వేరియం చేపలను పెంచడానికి అనుమతి తప్పనిసరి చేయాలా?

ప్రశ్న (బెజవాడ నివాసి)

మా అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉంటున్నవారు రెండంగుళాల పిల్లగా కొని తెచ్చుకున్న రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ (ఎర్ర తోక ఉన్న విదేశీ చేప) ఇప్పుడు రెండడుగులు దాటింది. తొట్టి పొడవు ఆరడుగులు, వెడల్పు రెండడుగులే కావడంతో, అది వెనక్కి తిరగాలంటే ఒళ్లంతా వంచవలసి వస్తున్నది. ముక్కు అద్దానికి రాసుకుని తెల్లగా చెక్కుకుపోయింది. రాత్రిళ్లు ఎగిరి మూత పడదోస్తున్నదని దాని మీద రెండు ఇటుకలు పెట్టారు. వాళ్లు త్వరలో కెనడా వెళ్తున్నారు, చేపను తీసుకునేవారు మాత్రం ఎవరూ దొరకలేదు. ప్రకాశం బ్యారేజీ ఎగువన వదిలేస్తే సరిపోతుందని సంఘం సమావేశంలో ఒక పెద్దాయన సలహా ఇచ్చారు. కుక్కను పెంచుకుంటే మునిసిపాలిటీలో నమోదు చేయించాలి కదా, మరి మనిషంత పొడవు పెరిగే చేపకు ముందస్తు అనుమతి ఎందుకు ఉండకూడదు? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (కొల్లేటి గట్టు)

కొన్ని చేపలకు మన దేశంలో నమోదు నిబంధన ఇప్పటికే ఉందండీ. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం, అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉన్న జాతుల ప్రాణులను పెంచేవారు వాటి వివరాలు ప్రభుత్వానికి తెలపాలి. ఇందుకోసం 2024 ఫిబ్రవరిలో ప్రత్యేక నియమాలు వచ్చాయి. దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో చేసుకోవాలి. అమెజాన్ నదిలో ఉండే భారీ చేప అరపైమా, ఆగ్నేయాసియా చేప ఆసియా అరోవానా ఈ జాబితాలోకి వస్తాయి. అయితే వాటిని చేర్చింది స్వదేశంలో వాటి మనుగడకు ముప్పు ఉందనే గాని, అవి పెద్దవని కాదు, మన నదులకు చేటు చేస్తాయనీ కాదు. అందుకే మీరు చెప్పిన రెడ్‌టెయిల్‌కు గాని, రెండు మీటర్లు దాటి పెరిగే అమెరికా చేప అలిగేటర్ గార్‌కు గాని ఆ జాబితాలో చోటు లేదు.

నదుల వైపు నుంచి చూస్తే మాత్రం జాబితాలో లేని ఇలాంటి చేపలే ఎక్కువ భయపెడతాయి. 2018 వరదల తర్వాత కేరళలో చాలకుడి నదిలో అరపైమాతో పాటు అలిగేటర్ గార్ కూడా వలలకు చిక్కింది. 2023లో శ్రీనగర్‌లోని దాల్ సరస్సులోనూ గార్ కనిపించింది. నిజానికి అదే సవరణ చట్టంలోని 62ఎ సెక్షన్, వన్యప్రాణులకు ముప్పు తెచ్చే విదేశీ జాతుల దిగుమతినీ, వ్యాపారాన్నీ, వాటిని దగ్గర ఉంచుకోవడాన్నీ నియంత్రించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. కాబట్టి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు, ఆ అధికారంతో జాతుల పేర్లు ప్రకటిస్తే చాలు.

కాని పరిమాణాన్ని కొలబద్దగా పెట్టడాన్ని నేను ఒప్పుకోను. మన కాలువల్లో, చెరువుల్లో జాలర్ల వలలు చింపుతున్న సక్కర్ ఫిష్, అంటే వాళ్లు దెయ్యం చేప అని తిట్టుకునేది, సాధారణంగా అడుగున్నరకు మించదు. అదీ అద్దాల తొట్టెల్లోని నాచు తింటుందని అమ్మిన చేపే. మూడడుగులు దాటితేనే అనుమతి అంటే అది దర్జాగా తప్పించుకుంటుంది. మరోవైపు, షార్క్ అని పేరు పెట్టి దుకాణాల్లో అమ్మే ఇరిడిసెంట్ షార్క్ పంగాసియస్ చేపే. దాన్ని కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో టన్నులకొద్దీ పెంచి బజారులో కిలోల లెక్కన అమ్ముతుంటే, ఇంట్లో ఒకటి ఉన్నందుకు లైసెన్సు చూపమనడం విడ్డూరంగా ఉంటుంది.

జవాబు 2 (దుకాణదారు, హైదరాబాద్)

నేను అక్వేరియం దుకాణం నడుపుతాను కనుక నా మాటను ఆ లెక్కలోనే తీసుకోండి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకంపై నిషేధం ఎన్నో ఏళ్లుగా ఉన్నా, ఊళ్లలో రహస్యంగా చెరువులు నడుస్తూనే ఉన్నాయి, అధికారులు వచ్చి పూడుస్తూనే ఉన్నారు. పెద్ద పెద్ద చెరువులకే దిక్కులేనప్పుడు పడకగదిలోని తొట్టిని ఎవరు తనిఖీ చేస్తారు? 2017లో అక్వేరియం దుకాణాలపై కేంద్రం తెచ్చిన నియమాలు అమలు సాధ్యం కానంత విస్తారంగా ఉండి, వ్యాపారులు గగ్గోలు పెట్టడంతో వెనక్కి పోయాయి.

తొట్టిని బట్టి చేప ఎదుగుదల ఆగిపోతుందని మా వాళ్లలో కొందరు నేటికీ కొనేవారికి చెబుతున్న మాట వాస్తవం. అది పచ్చి అబద్ధం. పూర్తిగా ఎదిగిన రెడ్‌టెయిల్ నాలుగడుగులకు చేరుతుంది. దానికి పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు ఉన్న తొట్టి కట్టారనుకుంటే అందులో నీటి బరువే ఎనిమిది టన్నులకు పైబడుతుంది. ఈ లెక్కను చేపతో పాటు రాతపూర్వకంగా ఇవ్వాలని అమ్మేవాడిని నిర్బంధిస్తే, అపార్ట్‌మెంట్లలో ఉండేవారు చాలామంది అక్కడికక్కడే వెనుదిరుగుతారు. నా బేరం పోయినా సరే, ఆ నిబంధనకు నేను సిద్ధమే. కొన్నవారిని ఆఫీసుల చుట్టూ తిప్పే నిబంధన మాత్రం వద్దు.

జవాబు 3 (నగోయా నుంచి)

ఇక్కడి కోట కందకంలో అలిగేటర్ గార్ కనిపించి పెద్ద వార్త అయింది. 2018 ఏప్రిల్‌లో జపాన్ ప్రభుత్వం గార్ కుటుంబం మొత్తాన్నీ ప్రమాదకర విదేశీ జాతుల జాబితాలో చేర్చింది. అప్పటికే పెంచుతున్నవారు ఆ సెప్టెంబరు ముగిసేలోగా దరఖాస్తు చేసుకుని, ఆ చేప బతికున్నంత కాలం దాన్నే ఉంచుకోవచ్చు, ఇంటి పెంపకానికి కొత్తది తేకూడదు. బయట వదిలితే 3 ఏళ్ల వరకు జైలు, లేదా 30 లక్షల యెన్‌ల వరకు జరిమానా పడవచ్చు.

అయితే ఎర్రచెవుల తాబేలు, అమెరికన్ క్రేఫిష్ (రొయ్యలాంటి మంచినీటి ప్రాణి) విషయంలో అదే ప్రభుత్వం మరో దారి పట్టింది. అవి లెక్కలేనన్ని ఇళ్లలో ఉన్నందున, అనుమతి అడిగితే జనం భయపడి చెరువుల్లో పారేస్తారని గ్రహించి, 2023 జూన్ నుంచి ఇంట్లో పెంచుకోవడానికి అనుమతి అక్కరలేదనీ, అమ్మడం, వదిలేయడం మాత్రం నేరమనీ చెప్పింది. మన దగ్గర రెడ్‌టెయిల్ ఇప్పటికే చాలా ఇళ్లలో ఉంటే ఈ రెండో పద్ధతే మేలని నాకనిపిస్తుంది. ఉన్నపళంగా అనుమతి తప్పనిసరి అంటే, మీ సమావేశంలో పెద్దాయన ఇచ్చిన సలహానే అందరూ పాటిస్తారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. నియంత్రణ అమ్మకం దగ్గరే ఉండాలన్నది నాకూ నచ్చింది. కానీ ఈ ఒక్క చేపను ఇప్పుడేం చేయమంటారు?

జవాబు 1 (కొల్లేటి గట్టు)

కృష్ణలో మాత్రం వేయనివ్వకండి. పిల్లలు పెట్టకపోయినా, నోటికి పట్టిన ప్రతిదాన్నీ మింగుతూ అది ఏళ్ల తరబడి బతకగలదు. తోటలో సిమెంటు తొట్టి ఉన్న పెంపకందారుల కోసం అక్వేరియం బృందాల్లో అడిగించండి, ముత్తుకూరు మత్స్య కళాశాలవారినీ ఒకమాట అడిగి చూడండి. ఎవరూ ముందుకు రాకపోతే, పశువైద్యుడి చేత మత్తుమందు మోతాదు పెంచి నొప్పి లేకుండా ప్రాణం తీయించడం తప్ప మరో మార్గం లేదు. ఆ మాట ఇంటివారికి చెప్పడం మీకు కష్టమే, అయినా వాళ్లు విమానం ఎక్కకముందే చెప్పండి.

జవాబు 2 (దుకాణదారు, హైదరాబాద్)

మేడ్చల్ వైపు పెద్ద సిమెంటు తొట్టి ఉన్న పెంపకందారు ఒకరు నాకు తెలుసు. చేప పొడవు, ఇప్పుడు పెడుతున్న మేత వివరాలు పంపితే నేనే మాట్లాడతాను. బండిలో తెచ్చేటప్పుడు మూత బిగిసే డ్రమ్ము, బ్యాటరీతో నడిచే గాలి పంపు ఉండాలి. బయలుదేరేముందు రెండు రోజులు మేత పెట్టవద్దు.