గొంతు పెంచితేనే వింటారా?

లెక్కల మాస్టారు:
పన్నెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఈమధ్య మా ప్రిన్సిపాల్‌గారు వెనక బెంచీలో కూర్చుని విని, "పాఠం బాగుంది, మీ గొంతే నిద్రపుచ్చుతోంది. గట్టిగా చెప్పండి" అన్నారు. చెప్పాను. రెండు రోజులు నిశ్శబ్దం. మూడో రోజుకు పిల్లలూ నన్ను మించి గొంతులు పెంచి కబుర్లాడారు. విషయంలో సరుకుంటే చాలదా?

సూటిమాట:
చాలు. చెప్పే తీరును నమ్ముకుంటే ఏమవుతుందో చూడండి. 1970లో అమెరికాలో ఒక నటుడిని 'డాక్టర్ ఫాక్స్' అనే పండితుడిగా వైద్యవిద్యా నిపుణుల ముందు నిలబెట్టారు. ప్రసంగం నిండా పొంతన లేని వాక్యాలు, పుట్టించిన మాటలు. కానీ హుషారుగా, నవ్విస్తూ చెప్పాడు. విన్నవారు మెచ్చుకున్నారు! గొంతుకు దక్కే శ్రద్ధ ఇలాంటిది.

రాత్రి శ్రోత:
సూటిమాట గారూ, మీ ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతోంది. సరుకే లేనప్పుడు వాళ్లను కూర్చోబెట్టింది ఏమిటి మరి?

1953లో కాలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త మనుషులకు రెండు చెవుల్లో రెండు వేర్వేరు ప్రసంగాలు వినిపించి, ఒక చెవిలోది వెంటవెంటనే పైకి చెప్పమన్నాడు. రెండో చెవిలో ఇంగ్లీషు కాస్తా జర్మన్‌గా మారినా వాళ్లు పోల్చుకోలేదు. మగగొంతు పోయి ఆడగొంతు వస్తే మాత్రం పసిగట్టారు. పట్టించుకోని చెవి కూడా గొంతులో మార్పును వదలదన్నమాట. మార్పు అన్నాను, అరుపు అనలేదు. తిరుగుతున్న ఫ్యాను చప్పుడు కాసేపటికి మనకు వినపడదు, ఆగినప్పుడే తెలుస్తుంది. ఒకే మట్టంలో సాగే అరుపూ ఫ్యానే.

కొత్త సభ్యుడు:
మన భావం ఎదుటివారికి చేరడంలో మాటల వాటా 7 శాతం, గొంతుకు 38, ముఖకవళికలకు 55 అని శిక్షణ తరగతిలో చెప్పారు. ఇంకా వాదన ఎందుకు?

రాత్రి శ్రోత:
ఆ లెక్క ఎక్కడ పడితే అక్కడ వాడేస్తారు. అది పుట్టిన చోటు, 1967లో మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాలు, ఇష్టాయిష్టాలు ఎలా తెలుస్తాయన్నదాని గురించి. మాటకూ గొంతుకూ పొత్తు కుదరనప్పటి సంగతి అది. త్రికోణమితి పాఠానికి వర్తించదు. వర్తిస్తే తెలియని భాషలో పాఠం విన్నా 93 శాతం అర్థం కావాలి!

సూటిమాట:
దీంట్లో మీతో ఏకీభవిస్తాను. మొదటిదాంట్లో కాదు. చెవిని లాగడం ఒకటి, బుర్రను నిలపడం ఇంకొకటి. ప్రతి వాక్యానికీ గొంతు వణికించే వక్తలను విన్నాను. పావుగంటకు వాళ్ల విరుపులు లెక్కపెడుతూ కూర్చున్నాను తప్ప విషయం ఒక్కటీ ఎక్కలేదు.

రంగస్థలం:
నాటకాలాడిన అనుభవంతో రెండు ముక్కలు. మాస్టారూ, చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. 1911లోనే లొంబార్డ్ అనే వైద్యుడు దీని గురించి రాశాడు. మీరు అరిచారు, వాళ్లు పెంచారు, మళ్లీ మీరు. ఈ పోటీలో నలభై మందితో మీరు గెలవలేరు. వాక్యం మధ్యలో ఆగి, మూడు సెకన్లు వాళ్లను చూడండి. కోపంగా కాదు, తర్వాతి మాట కోసం మీరూ ఎదురుచూస్తున్నట్టు.

రెండోది, బోర్డు మీద రాస్తూ మాట్లాడతారా? స, ష, చ వంటి హల్లుల్లోని సన్నని ధ్వని నోటికి ఎదురుగానే ఎక్కువగా పోతుంది. వీపు తిప్పితే గది చివరికి చేరేది మసక మాటలే.

లెక్కల మాస్టారు:
అయ్యో, నేను చెప్పేదంతా బోర్డుకే! రేపటి నుంచి రాసేటప్పుడు మాట్లాడను, మాట్లాడేటప్పుడు రాయను. సిలబస్ ఎప్పటికి పూర్తవుతుందో మాత్రం ప్రిన్సిపాల్‌గారిని అడగాలి, మెల్లగా.