ప్యాకేజీ అప్‌డేట్ అయ్యాక జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ కూడా కొట్టాలా?

గోదారిగట్టు:
రాజమండ్రిలో మా బావ ఫొటో స్టూడియో సర్వర్ నేనే చూస్తాను. డెబియన్ 12 లైనక్స్, నాలుగు డిస్కులు. వాటిని జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఒకే పూల్‌గా కలిపి వాడుతుంది, పద్ధతి రెయిడ్‌జెడ్2 (రెండు డిస్కులు పోయినా డేటా ఉంటుంది). ఆరేళ్ల పెళ్లి వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి. నిన్న రాత్రి బ్యాక్‌పోర్ట్స్ (డెబియన్‌కు కొత్త వెర్షన్లు ఇచ్చే రిపాజిటరీ) నుంచి జెడ్ఎఫ్ఎస్ ప్యాకేజీని 2.1 నుంచి 2.2కి తెచ్చాను. రీబూట్ చేశాక పూల్ బాగానే ఎక్కింది. ఇప్పుడు జెడ్‌పూల్ స్టేటస్ కమాండ్ కొడితే మాత్రం, పూల్‌లో కొన్ని ఫీచర్లు ఆన్ కాలేదు, వాటిని ఆన్ చేసే జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ కమాండ్ కొట్టమంటోంది. కొట్టాక పాత వెర్షన్లకు ఈ పూల్ అందకపోవచ్చని కూడా అక్కడే ఉంది. ఒకటే టెన్షన్. కొట్టనా, వదిలేయనా?

రాత్రిషిఫ్ట్:
కొట్టేయండి. కొత్త ఫీచర్లు వాడుకోనప్పుడు కొత్త ప్యాకేజీ ఎందుకు? ఫీచర్ ఆన్ అవడం వేరు, యాక్టివ్ అవడం (అంటే డిస్కు మీద నిజంగా వాడకంలోకి రావడం) వేరు. ఆన్ అయి ఊరికే ఉన్నంతవరకు పాత వెర్షన్ కూడా ఆ పూల్‌ను ఎక్కించుకుంటుంది. వాయిదా వేస్తూ పోతే అన్నీ ఒకేసారి మీద పడతాయి.

పాతకాపు:
అన్నీ ఊరికే ఉండవండీ. 2.2లో వచ్చిన హెడ్ ఎర్‌లాగ్ అనే ఫీచర్ (ఎర్రర్ల జాబితా రాసే కొత్త పద్ధతి) ఆన్ చేసిన క్షణమే యాక్టివ్ అవుతుంది, ఇక వెనక్కి రాదు. ఆపైన సర్వర్ పాడైనప్పుడు 2.1 ఉన్న రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే పూల్ ఇంపోర్ట్ కాదు, అంటే ఎక్కదు. చదవడానికి మాత్రమే అని అడిగినా కాదు.

నాకు ఇలాగే జరిగింది. ఒక ఆఫీసులో మదర్‌బోర్డు పోయింది. డిస్కులు పీకి వేరే మెషీన్‌కు పెట్టి, బీరువాలో దాచుకున్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేశాను. సపోర్ట్ లేని ఫీచర్ ఉందంటూ ఒక్క వరుస చూపించి ఆగిపోయింది. డిస్కులు నాలుగూ బాగానే ఉన్నాయి, డేటా ఉంది, కానీ చేతికి రాదు. రాత్రి రెండింటికి ఫోన్ హాట్‌స్పాట్ మీద కొత్త ఇమేజ్ దింపుకుంటూ కూర్చున్నాను.

2023 అక్టోబర్‌లో 2.2.0 వచ్చింది. నవంబర్‌లో, కాపీ చేసిన ఫైళ్లలో డేటా ఉండాల్సిన చోట సున్నాలు వస్తున్నాయని బయటపడింది. బ్లాక్ క్లోనింగ్ (కాపీ చేసేటప్పుడు డేటాను మళ్లీ రాయకుండా ఉన్న బ్లాకులనే పంచుకునే 2.2 ఫీచర్) మీద అనుమానంతో 2.2.1లో దాన్ని ఆపేశారు. ఇలాంటప్పుడు పూల్‌ను ముట్టుకోనివాళ్లకు పాత ప్యాకేజీకి వెళ్లే దారి ఉంటుంది.

రాత్రిషిఫ్ట్:
సగమే చెప్పారు. తీరా చూస్తే ఆ తప్పు 2.1లోనూ ఉంది. అప్పుడే రాసిన డేటాను ఒక్కోసారి ఖాళీ అని చెప్పేది. అందుకే నవంబర్ 30న 2.2.2తో పాటు 2.1.14 కూడా విడుదల చేశారు. పాతదాన్నే పట్టుకుని కూర్చున్నవాళ్లు ఏం క్షేమంగా ఉన్నారు?

పాతకాపు:
నిజమే, ఒప్పుకుంటాను. ప్యాకేజీని ఆపమని నేను అనడం లేదు, వెంటనే వేయాలి. నచ్చకపోతే డెబియన్ ప్యాకేజీ టూల్ ఆప్ట్‌తో వెనక్కి తీసుకోవచ్చు. పూల్‌ను అలా తీసుకోలేం. రెండూ ఒకే రాత్రి చేయొద్దంటున్నాను, అంతే.

మెట్టవలస:
వెనక్కి ఒక దారి ఉంది. ముందు జెడ్‌పూల్ చెక్‌పాయింట్ (పూల్ ఆ క్షణంలో ఎలా ఉందో గుర్తుపెట్టుకునేది) పెట్టి, తర్వాత అప్‌గ్రేడ్ చేయండి. తేడా వస్తే ఆ చెక్‌పాయింట్ దగ్గరికే ఇంపోర్ట్ చేయొచ్చు. కాకపోతే మధ్యలో రాసినవన్నీ పోతాయి. అది ఉన్నంతకాలం డిస్కు డిటాచ్ చేయడం కూడా కుదరదు. స్టూడియో మూసి ఉన్న రోజు చేయండి, ముహూర్తాల నెలలో వద్దు.

ఇంకోటి. డెబియన్‌లో జెడ్ఎఫ్ఎస్ కెర్నెల్ మాడ్యూల్‌ను డీకేఎంఎస్ అనే టూల్ మీ మెషీన్ మీదే కట్టుకుంటుంది. కొత్త కెర్నెల్‌కు హెడర్స్ (మాడ్యూల్ కట్టడానికి కావాల్సిన ఫైళ్లు) లేకపోతే మాడ్యూల్ తయారవదు, రీబూట్ అయ్యాక పూల్ కనిపించదు. హెడర్స్ ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

గోదారిగట్టు:
హెడర్స్ ఉన్నాయి. జెడ్ఎఫ్ఎస్ వెర్షన్ కొడితే పై వరుసలో టూల్, కింది వరుసలో కెర్నెల్ మాడ్యూల్, రెండూ 2.2 అనే చూపిస్తున్నాయి. నా రెస్క్యూ పెన్‌డ్రైవ్ మాత్రం 2.1దే, ఇప్పుడే పెట్టి చూశాను. అందుకని పూల్‌కు కంపాటిబిలిటీ (ఏ వెర్షన్ వరకు ఫీచర్లు ఆన్ చేయొచ్చో చెప్పే సెట్టింగ్) విలువ ఓపెన్‌జెడ్ఎఫ్ఎస్ 2.1 లైనక్స్ అని పెట్టాను. 2.1 వరకు ఉన్న ఫీచర్లు ముందే ఆన్‌లో ఉన్నాయి కాబట్టి స్టేటస్‌లో ఆ హెచ్చరిక పోయింది. ఆదివారం 2.2 ఉన్న పెన్‌డ్రైవ్ చేసి, దాంతో ఒకసారి బూట్ చేసి పూల్ ఎక్కుతుందో చూస్తాను. ఎక్కితేనే చెక్‌పాయింట్, ఆ తర్వాతే కంపాటిబిలిటీ విలువ తీసేసి అప్‌గ్రేడ్.