మూడు టైట్రేషన్లకు మూడు రీడింగులు వస్తున్నాయి, తప్పు ఎక్కడ చేస్తున్నాను?

మొదటిచుక్క:

అందరికీ నమస్కారం. నేను ల్యాబ్ టెక్నీషియన్ వొకేషనల్ కోర్సు మొదటి ఏడాదిలో ఉన్నాను. థియరీలో మార్కులు బాగానే వస్తాయి. ల్యాబ్‌లోకి అడుగుపెడితే మాత్రం టెన్షన్, చేతులు వణుకుతాయి.

నిన్న టైట్రేషన్‌తో, అంటే బలం తెలిసిన యాసిడ్‌ని పూర్తిగా తటస్థం చెయ్యడానికి ఎన్ని మి.లీ. పడుతుందో కొలిచి, సోడియం హైడ్రాక్సైడ్ నార్మాలిటీ (ద్రావణం బలం) కనుక్కునే ప్రయోగం చేశాం. పిపెట్‌తో (కొలిచి తీసుకునే గొట్టం) 10 మి.లీ. 0.1 నార్మల్ ఆక్సాలిక్ యాసిడ్ కోనికల్ ఫ్లాస్కులోకి తీసుకుని, రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ (రంగు మారి ముగింపు చూపించే సూచిక) వేసి, బ్యూరెట్‌లోంచి (అడుగున తిప్పే స్టాప్‌కాక్ ఉన్న, గీతలున్న పొడవాటి గొట్టం) సోడియం హైడ్రాక్సైడ్ వదిలాను. మొదటిసారి 11.3 మి.లీ. వచ్చింది. రెండోసారి 10.7, మూడోసారి 10.6. పక్క టేబుల్ వాళ్లందరూ 10.0, 10.0, 10.0 అని రాసుకున్నారు. "సొల్యూషన్ 0.1 నార్మల్ అని సీసా మీదే ఉంది కదా, లెక్క ప్రకారం 10 రావాలి, నువ్వూ అదే రాసెయ్" అన్నారు. పెన్ను తీశాను కానీ రాయబుద్ధి కాలేదు. పేజీ ఖాళీగా వదిలేసి వచ్చాను.

శుభ్రత విషయంలో నేను చాలా జాగ్రత్తగా ఉన్నాను. బ్యూరెట్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగాను. కోనికల్ ఫ్లాస్కుని ప్రతిసారీ నీళ్లతో కడిగి, ఆ తర్వాత ఆక్సాలిక్ యాసిడ్‌తో కూడా ఒకసారి రిన్స్ చేశాను. పిపెట్ చివర మిగిలిన చుక్కని బల్బు నొక్కి మరీ దింపాను. అయినా ఇలా ఎందుకు వస్తోంది?

ఇంకో సంగతి. ఎన్1వి1 = ఎన్2వి2 (ఎన్ నార్మాలిటీ, వి వాల్యూం) లో అంకెలు వేసి జవాబు తెస్తున్నాను గానీ, ఆ నార్మాలిటీ అంటే ఏమిటో నాకు నిజంగా అర్థం కాలేదు.

తెల్లకాగితం:

ఎండ్ పాయింట్, అంటే యాసిడ్ అంతా అయిపోయి రంగు మారే క్షణం, దాటిపోతోందేమో చూసుకో. ఫ్లాస్కు కింద తెల్ల కాగితం పెట్టు. లేత గులాబీ రంగు రాగానే ఆపాలి, ముదురు గులాబీ వచ్చిందంటే ఎక్కువ పడినట్టే. నాకూ మొదట్లో ఇలాగే అయ్యేది.

నీటిపరీక్ష:

తమ్ముడూ, పెన్ను తీసి కూడా ఆ 10.0 రాయకుండా ఆగావు చూడు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. నేనూ నీలాగే వొకేషనల్‌లో చదివి, 19 ఏళ్లుగా నీటి పరీక్షల ల్యాబ్‌లో పని చేస్తున్నాను.

నీ మూడు అంకెల్నీ ఒకసారి మళ్లీ చూడు. 10.7, 10.6 దాదాపు ఒక్కటే. బ్యూరెట్ మీద ఒక గీత తేడా అంతే. అంటే నీ చెయ్యి వణికినా పని మాత్రం బాగానే చేస్తోంది. తేల్చుకోవలసినవి రెండు: మొదటిది మాత్రమే అంత ఎక్కువ ఎందుకొచ్చింది, మిగతా రెండూ కూడా కాస్త ఎక్కువగానే ఉన్నాయా. రెండిటికీ కారణాలు వేరు, కలిపి ఆలోచిస్తే ఏదీ దొరకదు.

ముందు ఆ 11.3 సంగతి. బ్యూరెట్‌ని నీళ్లతో కడిగానన్నావు, సోడియం హైడ్రాక్సైడ్‌తో రిన్స్ చేశానని రాయలేదు. లోపలి గోడలకు పట్టుకున్న నీరు నువ్వు పోసిన ద్రావణంలో కలిసి దాన్ని పలచన చేస్తుంది. పలచనైతే అదే యాసిడ్‌కి ఎక్కువ మి.లీ. పడుతుంది. దీనికి తోడు స్టాప్‌కాక్ కింద, సన్నని మూతిలో గాలి బుడగ ఉండి ఉండొచ్చు. టైట్రేషన్ మధ్యలో ఆ బుడగ బయటికి పోతే, అది ఉన్న చోటును ద్రావణం నింపుతుంది. ఆ ద్రావణం ఫ్లాస్కులో పడలేదు, కానీ బ్యూరెట్ మీద లెక్కలోకి వచ్చేసింది. బుడగ ఒక్కసారే పోతుంది కాబట్టి మొదటి రీడింగే చెడుతుంది. ఈసారి నింపాక మూతిని కళ్ల ఎత్తుకు తెచ్చుకుని చూడు. బుడగ ఉంటే కింద బీకరు పెట్టి కాక్‌ని ఒక్క క్షణం పూర్తిగా తిప్పి వదిలెయ్, పోతుంది. ఆ తర్వాతే సున్నా దగ్గర సరిచెయ్. గరాటు పెట్టి నింపితే దాన్ని తీసెయ్యడం మర్చిపోకు. దాన్నుంచి జారే చుక్క రీడింగుని తగ్గించి చూపిస్తుంది.

ఇక మిగతా రెండు. కోనికల్ ఫ్లాస్కుని యాసిడ్‌తో రిన్స్ చేశానన్నావే, అసలు చిక్కు అక్కడుంది. ఎంత వంచినా గోడలకు కొంత యాసిడ్ అంటుకునే ఉంటుంది. పిపెట్‌తో కొలిచి పోసిన 10 మి.లీ.కి అది అదనం. లోపల 10.3 మి.లీ. యాసిడ్ ఉన్నా నువ్వు 10 అనే రాస్తావు. పిపెట్ చివరి చుక్క కూడా అంతే. మనం వాడే మామూలు పిపెట్ ఆ చుక్క లోపలే మిగిలేలా తయారవుతుంది. మూతిని ఫ్లాస్కు గోడకు ఆనించి కొన్ని సెకన్లు ఉంచి తీసెయ్యాలి, అంతే. ఒక చుక్క అంటే సుమారు 0.05 మి.లీ.

ద్రావణాన్ని కొలిచే పాత్రల్ని, అంటే బ్యూరెట్‌నీ పిపెట్‌నీ, ఆ ద్రావణంతోనే రిన్స్ చెయ్యాలి. రియాక్షన్ జరిగే ఫ్లాస్కుని మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి వదిలెయ్. అందులో నీటి తడి మిగిలినా నష్టం లేదు.

ఎందుకు నష్టం లేదో అర్థమైతే నీ రెండో ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. 10 మి.లీ. యాసిడ్ తీసుకున్నాక అందులో 30 మి.లీ. నీళ్లు కలిపావనుకో. యాసిడ్ పలచనైంది, దాని నార్మాలిటీ పడిపోయింది. కానీ యాసిడ్ ఎంత పోశావో అంతే ఉంది, ఎక్కడికీ పోలేదు. సోడియం హైడ్రాక్సైడ్‌కి కావలసింది ఆ ఉన్నదానితో కలవడమే, ఎన్ని నీళ్లలో ఉందన్నది దానికి పట్టదు. నార్మాలిటీ అంటే ఒక లీటరులో రియాక్షన్‌కి సిద్ధంగా ఉన్న వాటాలు ఎన్ని అని. దాన్ని వాల్యూంతో గుణిస్తే మొత్తం వాటాలు వస్తాయి. ఎన్1వి1 = ఎన్2వి2 అంటే ఇటు వాటాలు అటు వాటాలకు సమానమయ్యాయని చెప్పడమే. ఆక్సాలిక్ యాసిడ్ అణువు ఒక్కోటి రెండు హైడ్రోజన్లు ఇస్తుంది, అందుకే స్ఫటికాల్లోని నీటితో కలిపి దాని అణుభారం 126ని రెండుతో భాగించి 63 అంటాం. 0.1 నార్మల్ 250 మి.లీ. చెయ్యడానికి 1.576 గ్రాములు తూచేది అందుకే. వీలైతే ఒక ఫ్లాస్కులో 30 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపి, ఇంకోదాంట్లో కలపకుండా టైట్రేట్ చేసి చూడు. నాకు పుస్తకం చదివితే ఎక్కనిది ఈ రెండు ఫ్లాస్కులతో ఎక్కింది.

సీసా మీద 0.1 అని ఉంది కాబట్టి 10 రావాలన్నారు కదా, అది ఒప్పుకోను. సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లల్ని వాచ్ గ్లాస్‌లో పెట్టి కాసేపు చూడు. నీ కళ్ల ముందే చెమ్మగిల్లి, మెరిసి, అంచుల దగ్గర నీరవుతాయి. గాలిలోని తేమనీ కార్బన్ డయాక్సైడ్‌నీ లాక్కుంటాయి. 0.1 నార్మల్ కోసం లీటరుకి 4 గ్రాములు తూచామంటే అందులో కొంత తేమే. కాబట్టి దాని అసలు బలం ఎంతో తూకం చెప్పలేదు. గాలిలో స్థిరంగా ఉండే ఆక్సాలిక్ యాసిడ్‌తో కొలిచి తెలుసుకోవాలి. నువ్వు చేసిన ప్రయోగం అందుకే ఉంది. ముందే 10.0 అని రాసేస్తే కనుక్కున్నది ఏమిటి?

ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటుంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, నీటి కఠినత్వం పరీక్ష. 50 మి.లీ. నీరు, పీహెచ్‌ని 10 దగ్గర నిలిపే బఫర్, రంగు సూచిక ఎరియోక్రోమ్ బ్లాక్ టి, బ్యూరెట్‌లో కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకునే 0.01 మోలార్ ఈడీటీఏ. వైన్ ఎరుపు పోయి నీలం వచ్చేసరికి 10.6 మి.లీ. పడింది. అంటే కఠినత్వం లీటరుకి 212 మి.గ్రా. అదే చోటి నీటికి అంతకుముందు నెల 150 ఉంది. ఇంత పెరగదు, నేనే ఎక్కడో పొరపాటు చేశాననుకున్నాను. మళ్లీ చెయ్యాల్సింది. చెయ్యలేదు. పెన్సిల్‌తో రాసిన 10.6ని రబ్బరుతో చెరిపి, పాత 150కి దగ్గరగా వచ్చేలా 7.8 రాశాను. తర్వాతి వారం వేరే టెక్నీషియన్ చేస్తే అతనికీ 212 దగ్గరే వచ్చింది. అక్కడ నీరు తీసుకునే బోరు మార్చారట. మా సూపర్‌వైజర్ నా నోట్‌బుక్ పేజీని ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి చూశారు. చెరిపిన చోట కాగితం పలచబడి, 10.6 వెలుతురులో స్పష్టంగా కనిపించింది. ఆయన కోప్పడలేదు, పుస్తకం మూసి నా ముందు పెట్టి వెళ్లారు. ఆ నీరు తాగేవాళ్లకి వారం పాటు తప్పు అంకె చెప్పింది నేను. అప్పట్నుంచి పెన్నుతోనే రాస్తాను. తప్పు రాస్తే దాని మీద ఒకే గీత, పక్కన సరైనది.

పాతమాస్టారు:

ఆవిడ చెప్పినవన్నీ నిజం. ఇరవై బ్యాచ్‌ల చేత ఈ ప్రయోగం చేయించినవాడిని, రెండు మాటలు కలుపుతాను. ఫినాఫ్తలీన్ గులాబీ రంగు అర నిమిషం నిలిస్తే చాలు. కాసేపటికి దానంతటదే పోతుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి రంగు తీసేస్తుంది. అది చూసి పిల్లలు ఇంకో చుక్క, ఇంకో చుక్క వేస్తూ పోతారు. రంగు పోయినా కంగారు పడకు బాబూ.

రెండోది కన్ను. నిలబడి పైనుంచి చూస్తే బ్యూరెట్ రీడింగు అసలుకన్నా తక్కువగా కనిపిస్తుంది. సున్నా సరిచేసేటప్పుడు వంగి, ముగింపు రీడింగు నిలబడి చూస్తే ఆ తేడా అంతా జవాబులోకి వస్తుంది. కన్ను మెనిస్కస్ (గొట్టంలో ద్రావణం పైభాగాన ఏర్పడే వంపు) అడుగు అంచుకి సమంగా ఉండాలి. పర్మాంగనేట్ లాంటి ముదురు రంగు ద్రావణానికి మాత్రం అడుగు కనబడదు, పై అంచు చూడాలి.

బటన్‌నొక్కు:

ఇంత కష్టం ఎందుకో నాకు అర్థం కావడం లేదు. నేను పనిచేసే చోట ఆటో టైట్రేటర్ ఉంది. శాంపిల్ పెట్టి బటన్ నొక్కితే రిజల్ట్ ప్రింటవుతుంది. ఆ సమయం మెషీన్లు నేర్చుకోవడానికి పెడితే ఉద్యోగానికి పనికొస్తుంది.

నీటిపరీక్ష:

మెషీన్ నేర్చుకోవాలన్న మాట నిజమే, మా దగ్గరా ఉంది. కానీ దాని ట్యూబులోనూ బుడగ చేరుతుంది. చేరినప్పుడు అది కూడా తప్పు అంకెనే ప్రింట్ చేస్తుంది, చాలా నీట్‌గా. ఒకసారి మా పీహెచ్ మీటర్ రోజంతా నిలకడ లేకుండా కదులుతూనే ఉంది. మెషీన్ పాడైందని ఫోన్ చెయ్యబోయారు. దాని ఎలక్ట్రోడ్‌ని (ద్రావణంలో ముంచే కడ్డీని) ఎవరో రాత్రంతా డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచేశారు, దాన్ని పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి. అందులో నానబెట్టి, పీహెచ్ 7, 4 బఫర్లతో మళ్లీ కాలిబ్రేట్ చేస్తే (సరిచూసి అమరిస్తే) దారికొచ్చింది. ఇది కనిపెట్టింది మెషీన్ మాన్యువల్ చదివినవాళ్లు కాదు, మా దగ్గర కొత్తగా చేరిన వొకేషనల్ అమ్మాయి. ఎలక్ట్రోడ్ కొసన ఏం జరుగుతుందో ఆమెకి తెలుసు.

మొదటిచుక్క:

అక్కా, మాస్టారూ, చాలా థ్యాంక్స్. ఇవాళ సార్‌ని అడిగి మళ్లీ చేశాను. బ్యూరెట్‌ని సోడియం హైడ్రాక్సైడ్‌తో రిన్స్ చేసి నింపి, మూతి దగ్గర చూస్తే నిజంగానే బుడగ ఉంది! బియ్యపు గింజంత. నిన్న కూడా ఉండే ఉంటుంది, నేను అసలు అటు చూడనే లేదు.

రఫ్ రీడింగు (మొదటి అంచనా) 10.3 వచ్చింది. తర్వాత 10.2, 10.2. రెండోసారి ఒకటే అంకె చూసి నమ్మకం కుదరక ఇంకోటి చేశాను, అదీ 10.2. నార్మాలిటీ 0.098 వచ్చింది. 30 మి.లీ. నీళ్లు కలిపిన ఫ్లాస్కు కూడా చేశాను. గులాబీ రంగు ఇంకా లేతగా ఉండి గుర్తుపట్టడం కష్టమైంది గానీ అక్కడా 10.2నే. వాటాలు అన్నారు కదా, అది ఇప్పుడు తెలిసింది. సార్ నా పేజీ చూసి, పక్క టేబుల్ వాళ్ల 10.0లు చూసి, వాళ్లని కూడా మళ్లీ చెయ్యమన్నారు. వాళ్లకి నా మీద కోపంగా ఉంది, అది వేరే సంగతి.

ఒక్క డౌటు. నిన్నటి 11.3, 10.7, 10.6 ఇవాళ ఆ ఖాళీ పేజీలో రాశాను. అవి తప్పు రీడింగులు కదా, కొట్టెయ్యనా?

నీటిపరీక్ష:

కొట్టెయ్యకు. అవి నువ్వు చూసిన రీడింగులే. ఏ రోజువో, ఏ రోజు రాశావో రెండు తేదీలూ వెయ్యి. 11.3 పక్కన "బ్యూరెట్ రిన్స్ చేయలేదు, బుడగ ఉండి ఉండొచ్చు" అని, మూడిటికీ కలిపి "ఫ్లాస్కు యాసిడ్‌తో కడిగాను, పిపెట్ చివరి చుక్క దింపాను" అని రాయి. లెక్కలోకి మాత్రం ఇవాళ్టి 10.2 తీసుకో. పక్క టేబుల్ వాళ్లకి ఆ బుడగ ఎక్కడుంటుందో చూపించు, కోపం తగ్గుతుంది.