డీజే హాబీని బిజినెస్ చేయాలంటే స్పీకర్లు కొనాలా, అద్దెతోనే లాగాలా?

వీకెండ్‌బీట్: నాలుగేళ్లుగా శని ఆదివారాలు ఫ్రెండ్స్ పార్టీల్లో వాయిస్తున్నా, అన్నీ ఫ్రీగానే. నా దగ్గర ఉన్నదల్లా ఒక కంట్రోలర్ (లాప్‌టాప్‌లో పాటలు మిక్స్ చేసే డీజే బోర్డు), లాప్‌టాప్, హెడ్‌ఫోన్స్. ఈమధ్య ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఎంత తీసుకుంటావని అడుగుతున్నారు. జాబ్ మాత్రం మానను. ప్రతిసారీ సౌండ్ అద్దెకి తెస్తే వచ్చినదాంట్లో సగం దానికే పోయేలా ఉంది, లోన్ తీసుకుని రెండు టాప్స్ (మెయిన్ స్పీకర్లు), ఒక సబ్ (బాస్ స్పీకర్) కొనేస్తే పోలా అనిపిస్తోంది. ఏమంటారు?

సబ్‌బాబాయ్: కొనెయ్ తమ్ముడూ. అద్దె సామాను ఎవడెవడి చేతుల్లో నలిగి వస్తుందో తెలీదు. నాకోసారి గమ్ పెట్టి అతికించిన కోన్‌తో (స్పీకర్లో అదిరే పొర) సబ్ వచ్చింది, కిక్ బీట్ పడినప్పుడల్లా రేకు మీద గులకరాళ్లు పోసినట్టు చప్పుడు. అది అద్దెదా సొంతదా అని క్లయింట్ అడగడు కదా, పోయేది నీ పేరే.

లెక్కలోడు: లోన్ అన్నావు చూడు, అక్కడ ఆగు. 4 గంటల గిగ్ అంటాం గానీ పాటలు కూర్చుకోడం, క్లయింట్ ఫోన్లు, లోడింగ్, సెటప్, సౌండ్ చెక్, అర్ధరాత్రి వైర్లు చుట్టుకోడం, ఇంటికొచ్చి దింపుకోడం అన్నీ కలిపితే నాకు 10 దాటుతుంది, దాంతో భాగించి చూస్కో నీకు గంటకెంత మిగులుతుందో. పైగా వాయిదా నెలనెలా వస్తుంది, బుకింగ్ రాదు. ఏడాది పాటు కట్టిన అద్దెలు ఒక చోట రాసిపెట్టు, ఆ మొత్తం స్పీకర్ల ధరలో సగం దాటితే అప్పుడు నేనే కొనమంటా.

వినైల్‌పిచ్చి: స్పీకర్ల గొడవ సరే, ముందు పాటలు పెట్టుకోడానికి రెండో యూఎస్‌బీ కొనండి సార్. కొత్త డ్రైవ్ పట్టుకుని వెళ్లా, అది ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో ఉంది, అక్కడున్న పాత ప్లేయర్లు దాన్ని చదవలా. ఫోన్ తగిలించి 11 నిమిషాలు నెట్టుకొచ్చా, చెమటలు పట్టేశాయి. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసుకోండి. ఇంకోటి, టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుల్ (రికార్డులు తిప్పే ప్లేయర్) వచ్చింది 1972లో, ఇప్పటికీ పాతవాటికి గిరాకీ ఉంది. కంట్రోలర్ అలా కాదు, సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఆగితే మూలన పడుతుంది.

ఫుల్‌టైమ్‌ఓడు: నాకు మండేది ఆ "ఫ్రీగానే" అన్న మాట దగ్గర. జీతం వస్తోంది కదా అని మీరు సగం రేటుకి ఒప్పుకుంటే కొట్టేది మా పొట్ట మీదే. ఇక లోన్ కూడా తలకెత్తుకున్నావనుకో, ఆ వాయిదా కోసం ఎంతిస్తే అంతకి వెళ్తావ్, రేటు పెంచే ధైర్యం చచ్చినా రాదు. కొనకపోవడానికి అసలు కారణం అదీ.

సబ్‌బాబాయ్: పొట్ట కొట్టడం ఏంటన్నా, నువ్వు మాత్రం మొదటి రోజే ఫుల్ రేటు తీసుకున్నావా 😀

ఫుల్‌టైమ్‌ఓడు: లేదులే, కానీ ఫ్రీగా మాత్రం ఎక్కడా వాయించలా.

వీకెండ్‌బీట్: అన్నా, లోన్ పాయింట్ గట్టిగా తగిలింది. మరి అడ్వాన్స్ అడగాలంటే మొహమాటంగా ఉంటుంది, ఏం చేయను?

లెక్కలోడు: నోటితో అడక్కు, మెసేజ్‌లో పెట్టు. సగం వస్తేనే డేట్ వాళ్లకి బ్లాక్ చేస్తానని, క్యాన్సిల్ అయితే వెనక్కి ఇవ్వనని, టైమ్ దాటితే గంటకి ఎంతని. మూడు లైన్లు చాలు. మర్చిపోయా, సొంతానికి కట్టుకునే స్ట్రీమింగ్ యాప్ పార్టీల్లో ప్లే చేయడానికి కాదు, వాళ్ల షరతుల్లోనే ఉంటుంది, మధ్యలో నెట్ పోతే అది వేరే నరకం. ట్రాక్స్ కొనుక్కో. పబ్లిక్‌లో మ్యూజిక్ వేసే లైసెన్స్ హాల్‌వాళ్లకి ఉందా, నువ్వు తీసుకోవాలా అన్నది కూడా ముందే కనుక్కో.

వినైల్‌పిచ్చి: ఇయర్‌ప్లగ్స్ కూడా. 2022లో డబ్ల్యూహెచ్‌ఓ ఇలాంటి వేదికలకి పెట్టిన పరిమితి సగటున 100 డెసిబెల్స్, మానిటర్ స్పీకర్ పక్కన నిలబడేది మనమే. నా ఎడమ చెవిలో రాత్రిళ్లు కీచుమంటుంది ఇప్పుడు.

సబ్‌బాబాయ్: సరే, అద్దెకే తెచ్చుకో. కానీ బండి ఎక్కించకముందే వాళ్ల షాపులోనే ప్లగ్ పెట్టించి, నీకు బాగా తెలిసిన బాస్ పాట ఒకటి పూర్తిగా విను. టైమ్ లేదంటారు, ఆ మాట పట్టించుకోకు.