ఈ వారం సమస్య: కోసినంతఁ బెరిగెఁ గొలత మిగుల

నిర్వాహకుడు: గాంధీ రోడ్డులో ఒక కార్పెట్ షాపు ముందు నిలబడి ఉంటే తట్టిన పాదం. ఇది ఆటవెలది పద్యానికి చివరి పాదం; దీనికి అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు రాయడమే పూరణ.

*కోసినంతఁ బెరిగెఁ గొలత మిగుల*

తివాచీ మీదే రాయాలని రూలేమీ లేదు గానీ, రాసినవాళ్ల వైపు నాకు కాస్త పక్షపాతం ఉంటుంది.

పుత్తూరు మాస్టారు:

మండపమునఁ బరచ మాకు మిగిలినట్టి
రెండు ముక్క లంచు రేకఁ జూచి
అంటఁ జేర్చి టేపు నదిమితి వెనుకను
కోసినంతఁ బెరిగెఁ గొలత మిగుల

బంధువుల కల్యాణ మండపంలో కార్పెట్ వేయగా మూడడుగుల వెడల్పు ముక్కలు రెండు మిగిలాయి. రోల్ అంచు తిన్నగా ఉండదు. రెండు అంచులూ అంగుళం చొప్పున కోస్తే గానీ అతుకు కలవలేదు. నూలు వాలు రెండింటికీ ఒకే వైపు పెట్టాలి, లేదంటే ఒకే రంగు రెండు రంగులుగా కనబడుతుంది. హాల్లో గోడల పక్కన అడుగు నేల వదిలి పరిస్తే అచ్చంగా సరిపోయింది.

పీలేరు: మాస్టారూ, మూడూ మూడూ ఆరు. రెండంగుళాలు కోశారు కాబట్టి అయిదడుగుల పదంగుళాలు. తగ్గింది కదా, పెరిగిందెక్కడ? పైగా 'అంట'కు 'నదిమితి' అట! పాదం మొదటి అక్షరంతో నడుమ నాలుగో గణం మొదటి అక్షరం కలవాలి కదా, అకారానికి నకారంతో యతి ఏ ఊళ్లో చెల్లుతుంది?

పుత్తూరు మాస్టారు: టేపున్ + అదిమితి. సంధిలో కలిసిన ఆ నకారం ద్రుతం, దాన్ని పక్కన పెట్టండి, అచ్చుకు అచ్చే ఉంది. లెక్కంటారా, కోయకముందు నా దగ్గరున్నవి మూడడుగుల పట్టీలు. వాటిని పట్టుకుని హాలంతా తిరిగినా పనికిరాలేదు. ఇంతకీ మీ పూరణ ఏదీ?

పీలేరు:

కొండ కేఁగి తలను గుండు కొట్టించితి
నేఁడు చూడ జుట్టు నిక్కె మరల
నీల మిచ్చు కొలఁది నిచ్చు వెంకటపతి
కోసినంతఁ బెరిగెఁ గొలత మిగుల

పుత్తూరు మాస్టారు: కొలఁదిన్ + ఇచ్చు. అక్కడున్నది ఇకారం, దానికి 'నీ'తో యతి వేశారు. ఇందాక నాకు చెల్లదన్న నకారం మీ ఇంట్లో ఎట్లా చెల్లింది స్వామీ? ఇంకో మాట, కల్యాణకట్టలో గీస్తారు గానీ కోస్తారా?

శ్రీకాళహస్తి అక్క: కోస్తారు మాస్టారూ, మా ఆడవాళ్లకు మూడు కత్తెర్లు. కానీ పీలేరు అన్న గుండే కొట్టించుకున్నారు కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది. కోయడం ఆయనకు కొత్త కాదు లెండి. 'పగటి పూటఁ జుక్క పలుకరించె' అనే సమస్య ఇచ్చినప్పుడు గణం కోసం, అంటే గురులఘువుల లెక్క కోసం, తిరుచానూరును 'తిరుచనూరు' చేసేశారు. అమ్మవారి ఊరికే దీర్ఘం కోసిన మనిషి! ఇదిగో నాది:

నాలుగడుగు లున్న నాసి ముక్కనుఁ జూపి
నూఱు గజము లనుచు నుడివె నొకఁడు
మానకుండ రోజు మనవాఁడు కోతలు
కోసినంతఁ బెరిగెఁ గొలత మిగుల

పీలేరు: అక్కా, ఇది పూరణా, నా మీద ఫిర్యాదా?

శ్రీకాళహస్తి అక్క: ఒకఁడు అన్నాను, పీలేరు అన్నానా?

నిర్వాహకుడు: 'కోతలు'ను మూడో పాదం చివర పెట్టి సమస్య మీదికి దూకించారు చూడండి, నాకు అది తెగ నచ్చింది. కత్తి, కత్తెర ఏమీ లేకుండానే కోసేశారు. పీలేరు గారూ, 'నీల మిచ్చు కొలఁది నెత్తిపై మొలచును' అనుకోండి, యతి గొడవ వదిలిపోతుంది. తిరుచానూరు పంచాయితీ మాత్రం ఇక్కడ వద్దు.

కార్పెట్ షాపు: నాకు ఛందస్సు రాదు, ఊరికే చదువుతుంటాను. మాస్టారూ, టేపు ఒట్టిగా అదిమితే నాలుగు రోజులకే లేస్తుంది. వేడికి కరిగే టేపును అతుకు కింద పరిచి, ఐరన్‌తో కరిగించి, ఆ పైన అదమాలి. పోగుల కొసలు తెగి ఉండే కట్ పైల్ రకమైతే వెనక నుంచి కోయాలి, పోగులు ఉంగరాల్లా ఉండే లూప్ రకమైతే పైనుంచి. చుట్టూ అంచు పట్టీ కుట్టించకపోతే పోగులు లేస్తాయి. మీ పద్యంలో అంచు పట్టీ కనబడలేదు.

పుత్తూరు మాస్టారు: అంచు పట్టీకి ఇంకో పద్యం కావాలబ్బా, నాలుగు పాదాల్లో ఎంతని కుట్టేది? వేడి మాత్రం పెట్టాను, చూడండి: 'అంటఁ జేర్చి టేపు నతికితి వేడిగ'.

పీలేరు: వేడి వచ్చింది సరే, 'వెనుకను' పోయింది. ఇప్పుడు మీ టేపు తివాచీకి పైన అంటుకుంది మాస్టారూ.